బావని నవ్వించకుండా ఉద్దానం వెళ్ళొచ్చిన వైనం

నోటికి తాళం

మా ఆవిడ పార్వతి నాకు పెట్టిన షరతు వింటే యముడు కూడా జాలిపడి రెండేళ్ళు ఆయుష్షు పెంచుతాడు. "మా అన్నయ్యని చూడ్డానికి వెళ్తున్నారు. ఆయన్ని నవ్వించారో, మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకండి," అంది. తణుకు నుంచి విజయవాడ దాకా ఏ పెళ్ళిలోనైనా నేను కూర్చున్న బంతిలో జనం సగం భోజనం ముక్కులోంచి తింటారని పేరున్న మనిషిని. నాకా ఈ శిక్ష?

కానీ కారణం గట్టిది. మా బావగారు కూర్మారావుకి ప్లూరసీ వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పల్చటి పొరలు వాచి, వాటి మధ్య నీరు చేరే జబ్బు. గాలి గట్టిగా పీలిస్తే పక్కటెముకల్లో కత్తి దిగుతుంది. దగ్గితే రెండు కత్తులు. నవ్వితే ఆయుధాగారం మొత్తం. శ్రీకాకుళంలో డాక్టర్లు సూదితో నీరు లాగి, ఇది క్షయ వల్ల వచ్చిందని తేల్చి, నెలల తరబడి మింగాల్సిన మాత్రలిచ్చి పంపారు. అంతవరకూ బాగానే ఉంది. తరవాత వచ్చిన కబురు పార్వతి గుండెలో రాయి వేసింది. బావ టెక్కలిలో ఎవరో చైనా డాక్టరు దగ్గర సూదులు గుచ్చించుకుంటున్నాడట!

"ఆ చైనా ఆయన ఎవరో, ఏం గుచ్చుతున్నాడో, మా అన్నయ్య మాత్రలు మింగుతున్నాడో లేదో కళ్ళారా చూసి రండి. నోరు మాత్రం విప్పకండి," అని రైలెక్కించింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. సెల్‌ఫోను ఉన్నవాడు అది చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకుని, మోగకపోతే తనే చెవి దగ్గర పెట్టుకు మాట్లాడే రోజులు. నాకు సెల్‌ఫోను లేదు. నోరు ఉంది గానీ తాళం పడింది.

కాశీబుగ్గ ఉప్మా

పలాసలో దిగినవాడు ఊరి పేరు బోర్డు చూడనక్కర్లేదు. జీడిగింజలు కాల్చే పొగ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. మొదటి పది నిమిషాలు కళ్ళు మండుతాయి. తరవాత ఆకలి మండుతుంది.

కాశీబుగ్గలో ఒక చిన్న హోటల్లో ఉప్మా తెప్పించుకున్నాను. ప్లేటుని రెండుసార్లు తిప్పి చూశాను. మా గోదావరి జిల్లాలో పాయసంలో జీడిపప్పు వెతకాలంటే గజ ఈతగాణ్ణి దింపాలి. ఇక్కడ జీడిపప్పుల మధ్య ఉప్మా అక్కడక్కడా తగులుతోంది.

"ఏటి బాబూ, తినకుండా అలగ సూత్తన్నారు?" అన్నాడు హోటలాయన.

"ఉప్మా కోసం వెతుకుతున్నానండీ."

"మీ కాడ పప్పు ఎయ్యరేటి?"

"వేస్తారు. పెళ్ళికొడుకు ఆకులో. అదీ కట్నం పూర్తిగా ముట్టాక."

ఆయన పడీ పడీ నవ్వాడు. ఇంకో గరిటెడు వేశాడు. షరతు బావ విషయంలోనే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. టీతో కలిపి పది రూపాయలు. ఆ పప్పు మా ఊళ్ళో తూకం వేయిస్తే నా గడియారం తాకట్టు పెట్టాలి.

బొండాల దర్బారు

అక్కణ్ణుంచి బస్సులో వజ్రపుకొత్తూరు వైపు. ఉద్దానం అంటే కొబ్బరిచెట్ల కింద జీడిచెట్లు, జీడిచెట్ల పక్కన పనసచెట్లు, వాటి మధ్య ఎక్కడో ఇళ్ళు. మా వైపు ఆకాశం నేల మీద వరిచేలో వాలుతుంది. ఇక్కడ ఆకాశం చూడాలంటే సముద్రం ఒడ్డుకి పోవాలి.

బావ వీధి అరుగు మీద మంచంలో ఉన్నాడు. ఆరడుగుల మనిషి. ఎడమచెయ్యి కుడి పక్కటెముకల మీద తాళం వేసినట్టు ఉంది. నన్ను చూడగానే మొహం వెలిగింది.

"వచ్చినావా బావా! నెలై నవ్వు నేదు. ఒక్క ముక్క సెప్పు."

"పార్వతి ఆర్డరు బావా. చెబితే నాకు ఇల్లు లేదు."

"అదేటి! వంటోడికి సెయ్యి కట్టేసినట్టు!" అంటూనే నవ్వు వచ్చింది పాపం. సగంలో మొహం ముడుచుకుపోయింది. చెయ్యి పక్కలోకి ఇంకా లోతుగా దిగింది. నేను ఇంటి కప్పు వైపు చూస్తూ శ్రాద్ధం మంత్రాలు జ్ఞాపకం చేసుకున్నాను.

ఇంతలో పరామర్శకు జనం. ఉద్దానంలో జబ్బుపడ్డవాణ్ణి వట్టి చేతులతో చూడ్డానికి రారు. కొబ్బరిబొండాలు పట్టుకొస్తారు. మా వైపు బత్తాయిలు, హార్లిక్సు. ఇక్కడ బొండం. వద్దంటే వచ్చినవాడికి అవమానం. అరుగు పక్కన బొండాల గుట్ట మా ఊరి పంచాయతీ ఆఫీసంత ఎత్తుంది. బావ ఒకటి తాగి పడేసేలోపు ఇంకోటి చెక్కి చేతిలో పెడుతున్నారు.

కాసేపటికి బావ, "దమయంతీ, సిన్న గలాసుడు మంచినీళ్ళియ్యవే, నాలిక పిడస కడతంది," అన్నాడు.

దమయంతి బావ భార్య. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. "నీళ్ళూ లేవు, ఏటీ లేవు! రొమ్ములో నీరు సేరిందని డాట్రు సెప్పినాడా నేదా? మళ్ళీ నీళ్ళు పోత్తే అదెక్కడికి పోద్ది?" అని గట్టిగా కసిరింది.

నేను బొండాల గుట్ట వైపు చూశాను. "మరి ఇదేమిటమ్మా?"

"బొండం నీళ్ళేటి అన్నయ్యా! బొండం సలవ." నా చదువు మీద ఆవిడకి జాలి కలిగింది.

మంచినీళ్ళు చిన్న గ్లాసుడు కూడా ముట్టనివ్వరు. బొండం మాత్రం చెరువుడు పట్టించవచ్చు. ఇంత శాస్త్రం తణుకులో ఎవరికీ తెలియదు. మాత్రలు వేసుకుంటున్నావా అని బావని అడిగాను. "ఆఁ, అన్నీ జరుగుతన్నాయి," అన్నాడు, చూపు జీడితోట వైపు తిప్పేసి. నాకు అది మాత్రల మొహంలా కనబడలేదు.

నౌపడ మీదుగా

మర్నాడు టెక్కలి ప్రయాణం. పూండిలో పాసింజరు ఎక్కి నౌపడలో దిగి ఆటో. పాసింజరు అన్నది పేరుకే. పట్టాల పక్కన నడిచే మేక మమ్మల్ని రెండుసార్లు దాటి, ఒకసారి జాలిపడి ఆగింది.

నౌపడ దగ్గర ఉప్పు మళ్ళు. మా కాలవ గట్టు మనిషికి నీళ్ళంటే పంట. ఇక్కడ నీళ్ళు ఎండితే పంట. చిన్న చిన్న మళ్ళు, వాటి మధ్య అరచేతి వెడల్పు గట్లు. ఒకావిడ పారతో గట్టుకి చిన్న గండి కొట్టి నీరు పక్క మడిలోకి వదులుతోంది. నీరు ఎప్పుడు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో అన్నదే ఈ వ్యవసాయం మొత్తం.

బావ కిటికీకి ఆనుకుని, నాలుగు మాటలకొకసారి ఊపిరి కూడదీసుకుంటున్నాడు. "మొదట్లో ఈ పాటి కూకోలేకపోయీవోణ్ణి బావా. సైనా డాట్రు సూదులేసినాక నొప్పి సగం దిగింది. దేవుడాడు."

మీసాల చైనా

నా ఊహలో చైనా వైద్యుడంటే మోకాళ్ళదాకా తెల్లగడ్డం, పట్టు చొక్కా, భుజం మీద చిన్న డ్రాగను. టెక్కలి బజారు వెనక సందులో మాకు దర్శనమిచ్చింది తెల్ల పంచె, చెవుల దాకా పాకిన మీసం. ఆ మీసం చివర రెండు కాకులు కూర్చుని కబుర్లాడుకోవచ్చు. డాక్టర్ జగన్నాథరావు పుట్టింది టెక్కలిలోనే. ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో అల్లోపతి డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అక్కడున్నన్నాళ్ళూ ఆదివారం వస్తే కలకత్తా వెళ్ళి, ఒక ముసలి చైనా వైద్యుడి కాళ్ళ దగ్గర కూర్చుని ఈ విద్య నేర్చుకున్నారట.

"ఈరు మా బావ, తణుకు," అని పరిచయం చేశాడు బావ.

"సూడగానే తెలిసింది. మా మీద నమ్మకం నేని మొహం," అన్నారు డాక్టరుగారు. నాకు నచ్చేశారు.

బావ మణికట్టు మీద మూడు వేళ్ళు వేశారు. కుడిచెయ్యి అయ్యాక ఎడమచెయ్యి. ఒక్కో వేలి కింద ఒక్కో అవయవం పలుకుతుందట. చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమోనని నేను దగ్గబోయాను.

"తీగలాగ బిగిసి ఉంది నాడి. వీణ తీగ. నీరు, నొప్పి ఉన్నచోట ఇలాగే కొట్టుకుంటాది. నాలిక సూపించు. ఆఁ, తెల్ల పూత."

"అసలు మీ చైనావాళ్ళు ఈ జబ్బుని ఏమంటారండీ?" అని అడిగాను.

"వేలాడే నీరు అంటారు."

డాక్టరుగారు మీసం సవరించుకుని పాఠం మొదలెట్టారు. ఊపిరితిత్తి ఒంటికి పైకప్పు లాంటిది. గాలినీ నీటినీ కిందికి దించడం దాని పని. బయటి నుంచి చలో వేడో దాడి చేస్తుంది. ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. ఈ కుస్తీ పూర్తిగా లోపలా కాదు, బయటా కాదు, గుమ్మంలో జరుగుతుంది. అందుకే ఓసారి చలి, ఓసారి జ్వరం. ఆ తొక్కిసలాటలో తూములు మూసుకుపోతాయి. కిందికి దిగాల్సిన నీరు పక్కటెముకల దగ్గర వేలాడిపోతుంది.

"నౌపడ మళ్ళు సూసినారు కదా? గట్టు తెరవాల్సినప్పుడు తెరవకపోతే ఏటవుద్ది? నీరు నిలవుంటాది. నీరు నిలిచిన కాడ గాలీ ఆగిపోద్ది. గాలి ఆగిన కాడ నొప్పి. ఇంతే మా గురువు సెప్పింది."

వైద్యం కూడా మెట్లు మెట్లుగా ఉంటుందట. గుమ్మంలో కుస్తీ జరుగుతుంటే విడదీసే కషాయం ఒకటి. నీరు చేరాక దాన్ని కిందికి దించే గింజలు ఇంకొకటి. నీరు పోయినా గాలి బిగుసుకుని పోటు మిగిలితే దాన్ని వదులు చేసేది మరొకటి. చివర పొడిదగ్గు, సాయంత్రం వెచ్చదనం మిగిలితే తడినిచ్చే దుంపలు. పూర్వం ఒక భయంకరమైన మందు ఉండేదట. మూడు విషపు మూలికల పొడిని పది రేగుపళ్ళ కషాయంలో కలిపి పట్టించేవారు. రేగుపళ్ళు కడుపుని కాపాడ్డానికి.

"నీరు పోయీది. ఒక్కోపాలి మనిషీ పోయీవోడు. నేను దాన్ని కథగా సెప్తాను, మందుగా ఇవ్వను," అన్నారు.

సూదులు కుడి మోకాలి కింద బయటి వైపునా, ముంజేతి మీదా గుచ్చుతారని బావ ముందే చెప్పాడు. పక్కటెముక నొప్పికి మోకాలేం నేరం చేసిందని అడిగాను.

"కంటి కొస కాణ్ణుంచి పక్కటెముకల మీదుగా కాలి నాలుగో ఏలి దాకా ఒకటే దారి. రైల్వేలో ముప్పయ్యేళ్ళు సేసినోణ్ణి. నౌపడలో బండి ఆగిపోతే పలాసలో జనం తిట్టుకోరా? లైనొకటే కదా!"

ఇంతకంటే సులువుగా ఎవరూ చెప్పలేరు. నేను సగం చైనావాణ్ణయిపోయాను.

ఏ రంగు?

సూదుల పెట్టె తెరిచారు. వెంట్రుకంత సన్నటి సూదులు. నా కంటికి మాత్రం ఒక్కోటి గునపంలా కనబడింది. దూది తడిపి, బావ మోకాలు తుడుస్తూ, మాటల్లో మాటగా అడిగారు.

"ఒంటేలు ఏ రంగులో వత్తంది?"

బావ ఛాతీ విరుచుకున్నాడు. "బొండం నీళ్ళలాగ తెల్లగా, డాట్రుగారూ! మొదట్లో నెత్తురులాగ ఎర్రగా వచ్చీది. ఇప్పుడు కడిగిన ముత్యం."

దూది ఆగిపోయింది. మీసం కూడా ఆగిపోయింది.

"మాత్రలు ఎప్పుడు ఒగ్గేసినావు?"

బావ చూపు గోడ వైపు తిరిగింది. అప్పుడు బయటపడింది అసలు కథ. మాత్రలు మొదలెట్టగానే ఒంటేలు ఎర్రగా వచ్చింది. ఊరంతా కూడి, వేడి చేసింది, నెత్తురు కరిగిపోతోంది అని తీర్పిచ్చింది. వేడికి విరుగుడు బొండం. ఇటు సూదులతో నొప్పి తగ్గింది. బావ మాత్రలు దూలం సందులో దాచేసి బొండాలు పట్టించాడు. రంగు తెల్లబడింది. బొండం గెలిచిందని ఊరు పండగ చేసుకుంది.

"ఒరే నాయనా, ఆ ఎరుపు నెత్తురు కాదు! మాత్ర రంగు! ఎర్రగా వత్తందంటే మందు ఒంట్లోకి పోయిందని లెక్క. తెల్లగా వచ్చిందంటే మందు పోలేదనే." డాక్టరుగారు సూదుల పెట్టె టక్కున మూసేశారు. "పో. ఈ పూట సూది లేదు."

బావ మొహం కందిపోయింది. "మీ సూదులతోనే కదండీ తగ్గింది! ఇంక ఆ ఇసపు మాత్రలెందుకు?"

"నా సూది పోటు తగ్గించింది. ఆకలి, నిద్ర తెచ్చింది. క్షయ పురుగుని సంపలేదు. మా గురువు తాతలకి ఈ పురుగు సంగతి తెలీదు. ఇప్పుడు సైనాలోనూ ముందు మాత్రే మింగిత్తారు, తరవాతే సూది. సగంలో ఒగ్గేత్తే పురుగు మొండికెక్కుతాది. మళ్ళీ నీరొత్తాది. అప్పుడు ఏ మందూ పనిసెయ్యదు. ఆసుపత్రికెళ్ళి, ఆళ్ళు మళ్ళీ మొదలెట్టమంటే మొదలెట్టి, రంగు మారాక రా."

బావ లేచి బయటికొచ్చేశాడు. సందులో గోడకి ఆనుకుని, పక్క పట్టుకుని, ఊపిరి కోసం నోరు తెరిచాడు. కోపానికీ గాలి కావాలి కదా. "రాను. ఇంక ఆసుపత్రికీ రాను, ఈడి కాడికీ రాను. నొప్పి నేదు, ఏటీ నేదు," అన్నాడు, నొప్పి మీదే చెయ్యి వేసుకుని.

అలాంటప్పుడు నా దగ్గర ఒకే ఆయుధం ఉంటుంది. అది పార్వతి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏం చెయ్యాలో తెలియక, బహుశా జీవితంలో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"బావా, నువ్వు మాత్రలు మానేస్తే నీకు నయం కాదు. నీకు నయం కాకపోతే పార్వతి షరతు ఎత్తెయ్యదు. నీ ఎదురుగా ఇలా నోరు మూసుకు కూర్చోవడం నిన్నటి నుంచి చేస్తున్నాను. నా వల్ల కావడం లేదు. నువ్వే లేకపోతే ఆ షరతు ఎత్తేసినా నవ్వే మనిషి ఉండడు."

ఆయన తల నా వైపు తిప్పాడు.

"అంటే నా కోసం కాదు, నీ నోటి కోసం మింగాలేటి?"

"అవును."

"సిగ్గు నేదురా బావా నీకు," అన్నాడు. గోడ వదిలి, "పద. ఆసుపత్రి ఎటుపక్క?" అన్నాడు.

సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. ఎక్స్‌రే ఫోటో తీయించి, పరీక్షలు రాసి, మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టించింది. మొదటి మాత్ర తన కళ్ళెదుటే మింగించింది. మంచినీళ్ళతో.

విజయగీతం

మర్నాడు పొద్దున్నే ఇంటి వెనక జీడితోటలోంచి కేక. పనసచెట్టు మీద పిట్టలు పూరీ జగన్నాథం దాకా ఎగిరిపోయి ఉంటాయి.

"బావా! దమయంతీ! ఎర్రగా వచ్చిందే!"

పరామర్శకు అప్పుడే వచ్చిన ముసలాయన ఒకరు చేతిలో బొండాలతో నిలబడిపోయారు. లాటరీ తగిలినా మనిషి అంత సంతోషంగా పరిగెత్తి రాడు. ఆ కబురు తీసుకుని మళ్ళీ టెక్కలి వెళ్ళాం. డాక్టరుగారు సూదులు గుచ్చారు. వీపు మీద చిన్న గాజు బుడ్లు నిప్పు చూపించి బోర్లించారు. అవి చర్మాన్ని పీల్చి పట్టుకున్నాయి. బుడ్లు తీశాక వీపంతా ఎర్రటి జీడిపళ్ళు కాసినట్టుంది. ఇంటికొచ్చాక దమయంతి చూసి, "మా మామ్మ ఇత్తడి గలాసుతో ఇదే సేసీది. దీనికి సైనా దాకా ఎల్లాలేటి?" అని కొట్టిపడేసింది. చైనా రెండువేల ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది.

బొండానికీ తీర్పొచ్చింది. రోజుకి ఒకటి, మధ్యాహ్నం పూట. మిగతా దాహానికి గోరువెచ్చని నీళ్ళు. కానీ వచ్చేవాళ్ళు ఆగరు కదా. బొండం తిప్పి పంపితే మర్యాద తక్కువ. ఆ సమస్యకి దమయంతి కనిపెట్టిన పరిష్కారం నేను. రోగి బదులు చుట్టం తాగాలి. ఉన్న రెండు రోజులూ తాగాను. నేను నడుస్తుంటే లోపల ఆటుపోట్లు వినబడేవి. చలవ మోకాళ్ళ దాకా దిగింది.

నువ్వలరేవు ఒడ్డున

డాక్టరుగారు ఇంకో మందు కూడా రాశారు. పొద్దున్నే సముద్రం ఒడ్డున నిలబడి, చేతులు మెల్లగా పైకెత్తుతూ గాలి పీల్చాలి, దించుతూ వదలాలి. బిగిసిపోయిన ఊపిరితిత్తి కొంచెం కొంచెంగా విచ్చుకోవడానికి. తోడుగా నేనూ చెయ్యాలని బావ పట్టుబట్టాడు. అందులో కొంగలా ఒంటికాలి మీద నిలబడే విన్యాసం ఒకటుంది. అది నాకే ఎందుకు అప్పజెప్పాడో ఇప్పటికీ చెప్పడు.

ఇసక చల్లగా ఉంది. మత్స్యకారులు దూరంగా పెద్ద వల లాగుతున్నారు. నేను రెండు చేతులూ రెక్కల్లా చాచి, ఒక కాలు ఎత్తి, కళ్ళు మూసుకుని, చైనా మొత్తం నాలో దిగిందన్న ధీమాతో నిలబడ్డాను. ఒక అల వచ్చి నేను నిలబడ్డ కాలి కింద ఇసక లాగేసింది. లోపలున్న బొండాలు ఒక పక్కకి దొర్లాయి. తొంభై కిలోల కొంగ నీళ్ళలో వెల్లకిలా పడింది. నా పంచె శ్రీలంక వైపు బయల్దేరింది.

వల లాగుతున్న వాళ్ళు ఆపేశారు. గంపతో వెళ్తున్న ముసలావిడ ఆగి, నన్ను నిదానంగా చూసి, "ఏటి బాబూ, కొంగవైతే సేపనట్టాల గదా? పంచి ఒగ్గీసినావేటి?" అంది.

బావ నవ్వాడు.

నేను నీళ్ళలోంచే అరిచాను. "నేనేం మాట్లాడలేదు! సాక్షులున్నారు!"

దాంతో ఇంకా నవ్వాడు. చెయ్యి అలవాటుగా పక్కకి పోయింది. మొహం ముడుచుకుంది. నేను ఒంటిమీద మిగిలిన తడిబట్టతో పరిగెత్తాను. "నొప్పేసిందా బావా?"

"ఏసింది," అన్నాడు, కళ్ళలో నీళ్ళతో. "కానీ ముందటిలాగ కత్తి కాదు బావా. గోరు. ఒట్టి గోరు." మళ్ళీ నవ్వాడు. ఈసారి మెల్లగా, చెయ్యి పక్కమీదే ఉంచి, ఎంత నవ్వొచ్చో కొలుచుకుంటూ.

తణుకులో ఫోను

పార్వతికి అన్నీ చెప్పాను, పంచె సంగతి తప్ప. అది నాకంటే ముందే ఎస్టీడీలో వచ్చేసింది. నేను నోరు విప్పలేదు కాబట్టి షరతు తప్పలేదని నా వాదన. కొంగ విన్యాసం నోటి కిందకి వస్తుందో రాదో ఆవిడ ఇంకా తేల్చలేదు.

వేసవి పోయింది. వానలు పోయాయి. చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఫోను మోగింది. దమయంతిని వెంటపెట్టుకొచ్చి, కాశీబుగ్గ ఎస్టీడీ బూత్ నుంచి బావ.

"బావా! ఆసుపత్రోళ్ళు మాత్రలు ఆపమన్నారు. పొటో సుబ్బరంగా ఉందంట. టెక్కలి డాట్రు నాడి సూసి, తీగ వదులైంది అన్నాడు. ఇంక షరతు నేదు. ఏదీ, ఒక ముక్క సెప్పు!"

ఇన్నాళ్ళుగా దాచిపెట్టుకున్నవి కనీసం రెండొందలున్నాయి. నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు. ఫోన్లో నిమిషాలు పోతున్నాయి. నేను "అదీ... బావా..." అంటున్నాను.

అవతల నవ్వు మొదలైంది. నా మౌనానికి నవ్వుతున్నాడు మహానుభావుడు. చిన్నగా మొదలై, పెద్దదై, బూత్ అద్దాలు అదిరేలా, ఊపిరి తీసుకుని మళ్ళీ నవ్వుతున్నాడు. నాకు భయం వేసి దమయంతికి ఫోను ఇమ్మని అరిచాను. ఆయన ఇవ్వలేదు. పక్కనుంచే ఆవిడ గొంతు వినబడింది.

"ఏటన్నయ్యా?"

"అమ్మా, చెయ్యి ఎక్కడుందో చూడు! పక్క పట్టుకున్నాడా?"

ఒక క్షణం ఆగింది, చూసి చెప్పడానికి.

"పక్కేటి అన్నయ్యా! రెండు సేతులతోనూ ఫోనట్టుకున్నాడు. నాకివ్వమంటే ఇవ్వట్లేదు."